పదానికి ఒక్క అర్థం చాలదు

సంపాదకులకు నమస్కారములు.

మీ పత్రిక విద్యాపుటలో ప్రతిదినం పది ఇంగ్లీషు మాటలను, ఒక్కొక్కదానికి ఒక్కొక్క తెలుగు అర్థంతో ప్రచురిస్తున్నారు. ఆరో తరగతి చదువుతున్న మా మనవడు వాటిని కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుంటాడు. మొన్నటి పట్టికలో, కె అక్షరంతో మొదలయ్యే 'నో' అనే క్రియకు ఎదురుగా 'తెలుసుకొను' అని మాత్రమే ఉంది. తెలుసుకొనడమంటే తెలియనిదాన్ని కనుక్కోవడమే తప్ప తెలిసి ఉండటం కాదు. ఆ సంగతి అటుంచితే, ఆ సాయంత్రం వాడు పాఠాన్ని తెలుగు చేస్తూ 'ఎలా ఈదాలో నాకు తెలుసు' అని రాశాడు. 'నాకు ఈత వచ్చు' అనే మాటను పుట్టినప్పటినుంచీ వింటున్న పిల్లవాడు కలం పట్టగానే దాన్ని మరచిపోవడం నన్ను నిజంగా బాధించింది.

ఫిన్లండ్‌లోని ఎస్పూ నగరంలో ఉద్యోగం చేస్తూ అక్కడి ఫిన్నిష్ భాష నేర్చుకుంటున్న మా అమ్మాయికి ఫోనులో ఈ విషయం చెప్పినప్పుడు, తాను మొదట్లో తికమకపడింది ఈ క్రియ దగ్గరేనని చెప్పింది. ఒక విషయమో జవాబో తెలిసి ఉండటాన్ని ఫిన్నులు 'తియెత్యా' అంటారు. మనిషినో ఊరినో బాగా ఎరిగి ఉండటం 'తుంతెఅ'. నొప్పినీ చలినీ అనుభవించడానికి కూడా ఇదే మాట. ఈత, వంట, ఒక భాష చేతనవడం 'ఒసత'. వింటూ ఉండగానే మన 'తెలుసు', 'ఎరుగుదును', 'వచ్చు' నాకు గుర్తుకు వచ్చాయి. దర్శనం చేసుకొని ఆ రాత్రికే రైలెక్కే యాత్రికునికి తిరుపతి తెలుసు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులన్నీ తిరిగినవాడు తిరుపతిని ఎరుగును. ఫిన్నిష్‌కు ఎస్టోనియన్, హంగేరియన్ చుట్టాలు గాని తెలుగు కాదు. అయినా ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టిన చోట రెండు భాషలూ తేడా చూపుతున్నాయి.

అన్నిచోట్లా పొంతన కుదరదు. 'ఇంటికి దారి తెలుసా' అని మనం అడిగేచోట వాళ్లు 'ఒసత' వాడతారు, ఇల్లు చేరడం కూడా చేతనయ్యే పనే అన్నట్లుగా. పద్యం కంఠస్థమైతే మనం 'నోటికి వచ్చు' అంటాం. వాళ్లు 'ఒసత'కు 'ఉల్కొఅ' చేర్చి, మాటకు మాటగా చూస్తే 'బయటినుంచి వచ్చు' అంటారు. ఇంగ్లీషువారికి అదే గుండెలో ఉంటుంది. ఇటువంటి తేడాలు వాక్యంలో చూపితేనే పిల్లలకు పట్టుబడతాయి గాని, ఎదురెదురుగా రెండు మాటలు పెట్టినంత మాత్రాన పట్టుబడవు.

కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చయిన తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో, మాటకు అర్థం చెప్పి ఊరుకోక వాడుకను, పద్యపాదాలను కూడా ఉదహరించాడు. నేటి పిల్లలకు అంతకంటే తక్కువ ఇవ్వడం న్యాయం కాదు. కాబట్టి దినానికి పది మాటలకు బదులు రెండు మూడే ఇచ్చి, ఒక్కొక్క అర్థానికి ఒక్కొక్క తెలుగు వాక్యం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మన ప్రాంతంలోనే, కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఇదే పద్ధతిలో బడిపిల్లలకు ఒక చిన్న నిఘంటువు తయారుచేస్తే ఎంతో మేలు.

మొదటి మాటగా 'హ్యావ్'ను తీసుకోవచ్చు. ఆ క్రియకు సరిగ్గా సరిపోయే మాట ఫిన్నిష్‌లోనూ లేదు, తెలుగులోనూ లేదు. ఇద్దరమూ 'నా దగ్గర పుస్తకం ఉంది' అనే చెబుతాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.