కళ్లకు గంతలు కట్టుకుని తిన్న బార్లు

ప్రియమైన న్యాయాధిపతీ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఇల్లు మారే సంగతి ఇంకా తేలలేదు. అవన్నీ తరువాత. ముందు ఈ ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పిల్లలు పొద్దున్నే పాలలో వేసుకుని తినే తీపి సీరియల్స్ ఉంటాయి కదా, రంగురంగుల రింగులు, దాల్చినచెక్క పొడి చల్లిన చిన్న పలకలు, చాక్లెట్ పూసిన మరమరాలు. వాటినే పాకంతో అతికించి బార్లుగా అమ్ముతున్నారు. అక్క కూతురు ఒక సంచీ నిండా తెచ్చి, "మామయ్యా, వీటిలో ఏది గొప్పదో ఇవాళ తేలిపోవాలి" అంది. ఇంకేముంది, ఆదివారం మధ్యాహ్నమంతా అదే పని. నువ్వు ఉంటే పీఠం నీదే. లేవు కాబట్టి నీ శాసనాలన్నీ తు.చ. తప్పకుండా పాటించాను: తింటున్నప్పుడు మాటలు వద్దు, మధ్యలో మంచినీళ్లు, రెండో ముక్క తిన్నాకే మార్కులు. మొదటి ముక్కకే తీర్పు చెప్పానని హాస్టల్ మేడ మీద నువ్వు చేసిన గొడవ గుర్తుందా? ఆ రాత్రి తాళంచెవి సంగతి మాత్రం కాగితం మీద పెట్టను.

రంగు రింగుల బారుతో మొదలుపెట్టాం. అది చూడగానే పిల్ల "ఎరుపంటే చెర్రీ, పసుపంటే నిమ్మ" అని బల్లగుద్ది చెప్పింది. కళ్లకు గంతలు కట్టి, రింగులు విడదీసి ఒక్కొక్కటీ ఇచ్చాను. ఒక్క రంగూ సరిగ్గా చెప్పలేకపోయింది! తరువాత నన్ను కూర్చోబెట్టింది, నా వల్లా కాలేదు. 1963లో అమెరికా కంపెనీ కెలాగ్స్ తెచ్చిన ఫ్రూట్ లూప్స్ అనే రంగు రింగుల సీరియల్‌లో కూడా అన్ని రంగులదీ ఒకటే రుచి. నాలుక కన్నా ముందే కన్ను తీర్పు ఇచ్చేస్తుందని నువ్వు ఎప్పటి నుంచో వాదిస్తున్నావు. ఇదిగో సాక్ష్యం, దాచుకో.

తరువాత పాలపొర ఉన్న బారు. గిన్నె, చెంచా లేకుండానే పాలతో తిన్నట్టు ఉండాలని అడుగున తెల్లని పొర ఒకటి వేస్తారు. చక్కెర, నూనె, పాలపొడి కలిపిన ముద్ద అది. నాకు నిజంగా దిగులేసింది. గిన్నెలో చల్లని పాలు చేసే పని వేరు. అవి తీపిని పలచన చేస్తాయి, గింజ మెల్లగా నానుతుంటే ప్రతి చెంచాకూ రుచి మారుతుంది. ఈ పొర తీపి మీద ఇంకో తీపిని పేర్చింది, అంతే. పైగా కరకర కూడా పోయింది. సీరియల్‌లో తేమ దాదాపు ఉండదు, అందుకే అది కరకరలాడుతుంది. పాకంలోని తేమ మెల్లగా దానిలోకి చేరితే మెత్తబడుతుంది. తయారీదారులు గ్లిజరిన్ లాంటివి కలిపి ఆ తేమను పట్టి ఉంచుతారు కానీ... సరే, ఈ గొడవ ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలి.

గెలిచింది దాల్చినచెక్క బారు! నములుతున్న కొద్దీ ఆ వాసన పైకి వస్తూనే ఉంది, తీపిని ఒంటరిగా వదలలేదు. పాలు లేని లోటు తెలియనివ్వలేదు. పిల్లా నేనూ ఒకరి మార్కులు ఒకరు చూడకుండా దానికే అగ్రస్థానం ఇచ్చాం.

మరమరాలు, మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయి కలిపిన బారు నీకు వద్దు. మార్ష్‌మాలోలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. నీ కోసమే ఆ అట్ట రెండుసార్లు చదివాను. ఆ వంటకానికి మాత్రం మంచి కథ ఉంది. 1939లో కెలాగ్స్ వంటశాలలో మిల్డ్రెడ్ డే, మలిట్టా జెన్సెన్ అనే ఇద్దరు మహిళలు వెన్న, మార్ష్‌మాలో కరిగించి మరమరాలు కలిపారు. బార్లన్నిటికీ అమ్మమ్మ అదే అనుకో.

అట్టలు చదవడం మొదలుపెట్టాక నాకు కోపం ఆగలేదు. ఎక్కువ బరువున్న పదార్థం పేరు ముందు రావాలన్నది నియమం. ఒక అట్ట మీద ధాన్యమే ముందుంది. కింద చూస్తే చక్కెర ఒకచోట, మొక్కజొన్న పాకం ఒకచోట, డెక్స్‌ట్రోజ్ ఇంకోచోట. అన్నీ తీపే, విడివిడిగా రాస్తే ఏదీ ముందుకు రాదు! పిల్ల ఒక బారులోని 12 గ్రాముల చక్కెరను నాలుగుతో భాగించి మూడు చెంచాలు పళ్లెంలో పోసింది. చక్కెరను రోజుకు 25 గ్రాములకు, అంటే ఆరు చెంచాలకు, తగ్గించుకుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అదీ పెద్దవాళ్ల లెక్క, పిల్లలకు ఇంకా తక్కువే. ఆ కుప్పను చూస్తూ అది "ఇది నాకు సగం రోజుదా మామయ్యా?" అని అడిగింది. సగం కన్నా ఎక్కువేనని చెప్పాను. చిన్నపిల్లకు అర్థమయ్యే లెక్కను పెద్ద అక్షరాలతో ముందువైపు అచ్చు వేయడానికి ఏం అడ్డం? నువ్వే చెప్పు.

చాక్లెట్ బారు గురించి ఇంకా రాయనే లేదు. దాని విషయంలో మా ఇద్దరికీ పెద్ద తగువే జరిగింది, ఎందుకంటే అది... అయ్యో, కింద బండి వచ్చేసింది, పిలుస్తున్నారు. దాల్చినచెక్క బారు ఒకటి విడిగా పంపుతున్నాను. రెండో ముక్క తిన్నాకే రాయి!

నీ గుమాస్తా