సెన్సర్‌ను మార్చే ముందు కేబుల్ ట్రే మూత తీయండి

సంపాదకుడు గారికి,

మంచినీటి పంప్‌హౌస్‌లలో, ఆసుపత్రుల ఏసీ ప్లాంట్లలో, ఫ్యాక్టరీల్లో మోటర్లకు వీఎఫ్‌డీ డ్రైవ్‌లు (మోటర్ వేగాన్ని పెంచి తగ్గించే పరికరాలు) పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. మంచి పనే. పంపు వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే అది లాగే పవర్ సగానికి దగ్గరగా పడిపోతుంది (నీళ్లు బాగా ఎత్తుకు ఎక్కించాల్సిన చోట ఆదా అంత రాదు). కానీ డ్రైవ్‌లు వచ్చాక పక్కనున్న సెన్సర్లు తప్పుడు రీడింగులు చూపిస్తున్నాయి. సెన్సర్ పాడైందని తీసి పారేసి కొత్తది కొంటున్నాం. అది ప్రజల సొమ్ము. ఇరవై ఏళ్లుగా ఇన్‌స్ట్రుమెంట్ పనిలో ఉన్నవాడిగా నా బాధ అదే.

ఒక పంప్‌హౌస్ సంగతి చెబుతాను. సంప్‌లో నీటి మట్టం నిలకడగానే ఉండేది. రెండో పంపు డ్రైవ్ ఆన్ చేయగానే స్క్రీన్ మీద మట్టం పైకీ కిందికీ ఎగిరేది. ఒక్కోసారి ‘లో లెవెల్’ అని చూపి పంపులన్నీ ట్రిప్ అయ్యేవి. సంప్ నిండా నీళ్లున్నా కుళాయిల్లో నీళ్లు రావు. మాటలు పడింది రాత్రి డ్యూటీ ఆపరేటర్. నీటి మట్టం కొలిచి సిగ్నల్ పంపే సెన్సర్‌ను, అంటే లెవెల్ ట్రాన్స్‌మిటర్‌ను, రెండుసార్లు మార్చారు. జబ్బు అలాగే ఉంది.

నన్ను పిలిచినప్పుడు ముందు డ్రైవ్ ఆపించాను. రీడింగ్ కదలకుండా నిలబడింది. ఆన్ చేస్తే మళ్లీ గంతులు. తర్వాత సంప్ దగ్గర ట్రాన్స్‌మిటర్ వైర్లు ఊడదీసి, ఆ చోట బ్యాటరీతో పనిచేసే లూప్ క్యాలిబ్రేటర్ (సెన్సర్ బదులు మనకు కావలసినంత సిగ్నల్ కరెంటు ఇచ్చే పరికరం) కలిపి 12 మిల్లీ ఆంప్స్ ఇచ్చాను. ట్రాన్స్‌మిటర్ మట్టాన్ని 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్ కరెంటుగా పంపుతుంది, ఆ స్కేల్‌లో అది సరిగ్గా సగం. స్క్రీన్ మీద 50 శాతం నిలబడాలి. నిలబడలేదు, అలాగే ఊగింది. అంటే సెన్సర్ తప్పేమీ లేదు. అప్పుడు వేరే కేబుల్ ఒకటి నేల మీదుగా, మోటర్ కేబుళ్లకు దూరంగా లాగి కలిపాం. రీడింగ్ కుదుటపడింది. ట్రే మూత తీసి చూస్తే సిగ్నల్ కేబుల్, మోటర్ కేబుల్ ఒకే కట్టగా నైలాన్ టైలతో బిగించి ఉన్నాయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా. పక్కన పడేసిన రెండు ట్రాన్స్‌మిటర్లనూ బెంచ్ మీద పెట్టి చూశాం. రెండూ బాగున్నాయి.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. డ్రైవ్ తనకొచ్చే 415 వోల్టుల సప్లైని డీసీగా మార్చి, సుమారు 580 వోల్టుల ఆ డీసీని సెకనుకు కొన్ని వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ మోటర్‌కు పంపుతుంది. ఒక్కో మార్పు మైక్రోసెకనులో చిన్న భాగంలోనే అయిపోతుంది. వోల్టేజీ అంత వేగంగా ఎగిరిపడుతుంటే మోటర్ కేబుల్ నుంచి, వైండింగ్ నుంచి కొంత కరెంటు ఎర్త్‌లోకి జారుతుంది. అది తిరిగి డ్రైవ్‌కు చేరాలి. మనం దారి చూపకపోతే ట్రే పట్టుకునో, సెన్సర్ కేబుల్ షీల్డ్ (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) పట్టుకునో వస్తుంది. వేడిని కొలిచే కె టైపు థర్మోకపుల్ ఒక్కో డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. అంత చిన్న సిగ్నల్ పక్కన ఈ గోల, అంటే నాయిస్, చేరితే అంకె ఎలా నిలుస్తుంది?

కొందరు పీఎల్‌సీలో (సెన్సర్ల సిగ్నళ్లు చదివి పంపులను నడిపే కంప్యూటర్‌లో) ఫిల్టర్ టైమ్, అంటే రీడింగ్‌ను సగటు చేసే సమయం, పెంచేసి చేతులు దులుపుకుంటారు. ఇది నాకు అన్నిటికంటే భయం కలిగించే పని. అంకె ఊగడం ఆగుతుంది కానీ అది సరైన అంకె అని ఎవరు చెప్పాలి? నాయిస్ ఒక్కోసారి రీడింగ్‌ను ఊపకుండా ఒక పక్కకు జరిపేస్తుంది. పైగా ప్రెషర్ నిజంగానే ఒక్కసారిగా పెరిగితే అది కూడా ఆలస్యంగా కనిపిస్తుంది.

మోటర్‌కు షీల్డెడ్ కేబుల్ వాడి, ఆ షీల్డ్‌ను రెండు చివరలా చుట్టూరా క్లాంప్‌తో పట్టేలా ఎర్త్ చేయాలి. చాలా ప్యానెళ్లలో షీల్డ్‌ను తోకలా మెలిపెట్టి స్క్రూ కింద బిగిస్తారు. మల్టీమీటర్‌తో చూస్తే సున్నా ఓమ్స్, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ హై ఫ్రీక్వెన్సీ కరెంటుకు ఆ తోకే అడ్డం. సిగ్నల్ కేబుళ్లకు వేరే ట్రే కావాలి, కనీసం ఓ అడుగు ఎడంగా. దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటాలి. సిగ్నల్ షీల్డ్‌ను ఒక చివరే ఎర్త్ చేయాలా రెండు చివరలా అన్నది మాలో మాకే తెగని వాదన. అక్కడి ఎర్తింగ్ చూసి తేల్చుకోవాలి. ఏ చివరా కలపకుండా టేపు చుట్టి వదిలేయడం మాత్రం తప్పే.

టెండర్లలో డ్రైవ్‌ల విద్యుదయస్కాంత నాయిస్‌కు సంబంధించిన ఐఈసీ 61800-3 ప్రమాణం పాటించాలని రాస్తే సరిపోదు. తయారీదారు మాన్యువల్‌లో చెప్పినట్టు కేబుల్, ఎర్తింగ్ వేస్తేనే డ్రైవ్ ఆ ప్రమాణానికి నిలుస్తుంది. అందుకే షీల్డెడ్ కేబుల్, క్లాంప్‌లు, వేరే ట్రే టెండర్‌లోనే విడి ఐటమ్‌లుగా ఉండాలి. లేకపోతే ఖర్చు తగ్గించుకోవడానికి ముందు వాటినే ఎగ్గొడతారు. ఇంకో మాట, ఇప్పుడు లూప్ చెకింగ్ (సెన్సర్ నుంచి స్క్రీన్ దాకా సిగ్నల్ సరిగా వస్తోందో లేదో చూడటం) అంతా మోటర్లు ఆగి ఉన్నప్పుడే అయిపోతోంది. అన్ని డ్రైవ్‌లూ నడుస్తుండగా, వేగం మారుస్తూ, ప్రతి సెన్సర్ రీడింగూ రాసుకున్నాకే అధికారులు పని పూర్తయినట్టు సంతకం పెట్టాలి. ఆ కాగితం కాపీని ప్యానెల్ తలుపు లోపల అంటించి ఉంచాలి, రాత్రి ఒంటరిగా డ్యూటీ చేసే ఆపరేటర్ చూసుకోవడానికి.

– ఒక ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్