నేర్పేవాళ్లను త్వరగా తయారు చేయండి, మంత్రిగారూ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. కమర్షియల్ పైలట్ లైసెన్స్ తీసుకున్నాను, ఇన్‌స్ట్రక్టర్‌గా స్థిరపడాలనుకుంటున్నాను. ఎయిర్‌లైన్ పిలిచేదాకా కాలక్షేపంగా కాదు, నేర్పడమే వృత్తిగా.

లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. అవి పూర్తికాక పిల్లలు నెలల తరబడి కూర్చుంటున్నారంటే విమానాల కొరత, వాతావరణం మాత్రమే కారణం కాదు. పక్క సీట్లో కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు చాలడం లేదు. అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ (అర్హత) ఉన్నవారు సీనియర్ల పర్యవేక్షణలోనే నేర్పాలి. విద్యార్థిని మొదటిసారి సోలో, అంటే ఒంటరిగా, పంపాలంటే పూర్తిస్థాయి ఇన్‌స్ట్రక్టర్ అనుమతి కావాలి. ఆయన సెలవులో ఉంటే, సిద్ధమైన కుర్రాడు కూడా నేల మీదే ఉంటాడు. ఈలోపు చెయ్యి తప్పుతుంది. మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగరాలి, మళ్లీ డబ్బు. పొలం అమ్మి ఫీజు కట్టిన ఇళ్లు మా వైపు ఉన్నాయండీ.

ఇన్‌స్ట్రక్టర్ కావడం తేలిక కాదు. అన్నాళ్లూ ఎడమ సీట్లో కూర్చున్న మనిషి కుడి సీట్లోకి మారాలి. కుడిచేతి థ్రాటిల్ ఎడమచేతికి వస్తుంది. విమానం ముక్కు మీదుగా హొరైజన్ (దిగంతం) వేరేగా కనిపిస్తుంది, రన్‌వే మధ్యగీతకు పక్కన దిగుతున్నామేమో అనిపిస్తుంది. ఇది సర్దుకుంటూనే నోటితో ప్యాటర్, అంటే జరుగుతున్నదాన్ని వివరించే మాటలు, చెప్పాలి: ముక్కు పైకి లేస్తోంది, వేగం తగ్గుతోంది, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) వార్నింగ్ మోగింది, ఇప్పుడు ముందుకు తొయ్యి. చెయ్యీ నోరూ కలిసి నడవాలి. వారానికోసారి ఎగిరితే ఇది పట్టుబడదు. పొద్దున ఎగిరి, మధ్యాహ్నం బోర్డు ముందు అదే పాఠం చెప్పి, మర్నాడు మళ్లీ ఎగరాలి. అమెరికాలో ఇన్‌స్ట్రక్టర్ రేటింగులకు ఇలాంటి వేగవంతమైన కోర్సులు కొన్ని వారాల్లోనే ముగుస్తాయి. గంటలు తగ్గించమని నేను అడగడం లేదు, గంటకూ గంటకూ మధ్య ఎడం తగ్గించమంటున్నాను.

అసిస్టెంట్ నుంచి పూర్తిస్థాయి రేటింగ్ దాకా అలాంటి కోర్సును ప్రభుత్వమే మన దగ్గర పెట్టాలి. మన రాష్ట్రంలోని దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి విమానాశ్రయ స్థలం ఉంది. ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ పైలట్ శిక్షణ అకాడమీకి చలికాలం పొగమంచు ఇబ్బంది. మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్ల టెన్షన్ ఉంటుంది గానీ, మిగతా నెలల్లో చాలా రోజులు ఎగరొచ్చు. మే ఎండల్లో తెల్లవారగానే మొదలుపెట్టాలి, అంతే. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ వెళ్లే రోజుల్లో నోటామ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటన) చూసుకోవాలి, అది విద్యార్థికి మంచి పాఠం కూడా.

కోర్సులో చేరిన రోజే పరీక్ష తేదీ ఖాయం చేయండి. శిక్షణ అయ్యాక పరీక్షకుడి కోసం ఎదురుచూస్తే నేర్చుకున్నది జారిపోతుంది. ఫీజులో సగం ప్రభుత్వం భరించి, రెండేళ్లు నేర్పాలని బాండ్ రాయించుకోండి. మొదటి సంతకం నేనే పెడతాను. ముందుగా దొనకొండ స్థలం చూడటానికి డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) అధికారులను వచ్చే వానలకు ముందే పంపించండి.

ఇట్లు,
కావలి నుంచి ఒక పైలట్