టీకా రోజున తల్లి చేతులు కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

బుధ, శనివారాలు వచ్చాయంటే టీకాల కోసం పసిపిల్లల తల్లులు దవాఖానకు వస్తారు. బిడ్డను తూకం వేస్తారు, కార్డు రాస్తారు, తొడకు సూది వేస్తారు, జ్వరమొస్తే ఏం చేయాలో చెప్పి పంపుతారు. బిడ్డను ఎత్తుకొచ్చిన చేతుల సంగతి ఎవరూ అడగరు. కాన్పు తర్వాత కొత్తగా మొదలయ్యే కీళ్లవాతం, డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనేది, ఎక్కువగా బయటపడేది సరిగ్గా ఈ టీకాల నెలల్లోనే.

ఇంట్లో మాత్రం కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "పచ్చి ఒళ్లు, చల్లనీళ్లల్ల చెయ్యి పెట్టినవ్, వాతం కమ్మింది" అంటుంది అత్తమ్మ. సిజేరియన్ అయితే వెన్నుకు ఇచ్చిన మత్తు సూది మీదికి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయితే దాని మీదికి నెపం పోతుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే వేళ్లు కనుక అలాగే నొస్తాయంటారు. ఇటు వరంగల్ పల్లెల్లో పత్తి ఏరినందుకంటారు. వీటిలో ఏ ఒక్కటీ రెండు చేతుల కణుపులను ఒకేసారి వాపెక్కించదు. గర్భంలో బిడ్డను పరాయిదిగా భావించి దాడి చేయకుండా ఒంట్లోని రక్షణ వ్యవస్థ కొంత సర్దుకుని ఉంటుంది. కాన్పయ్యాక తిరిగి విజృంభిస్తుంది. కొందరిలో అది సొంత కీళ్ల పొర మీదే పడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఈ జబ్బు తగ్గడాన్ని గమనించి అమెరికా డాక్టర్ ఫిలిప్ హెంచ్ 1938లోనే రాశారు. తగ్గించే ఆ పదార్థమేదో అని వెతుకుతూ పోయి, చివరికి ఆయన కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు దగ్గర తేలారు. 1950లో నోబెల్ వచ్చింది. ఆ స్టెరాయిడ్ల వంశమే ఇవాళ మన ఊళ్లలో పేరు చెప్పకుండా పొడిచే సూదిలో ఉంటోంది. ఆ సంగతి తర్వాత.

బాలింతకు వచ్చే ప్రతి నొప్పీ ఇదే అనుకోవద్దు. బొటనవేలి మొదట, మణికట్టు పక్కన మాత్రమే నొచ్చి, బిడ్డను ఎత్తినప్పుడు కలుక్కుమంటే అది నరం పట్టు కాదు, వాతమూ కాదు. బొటనవేలిని లాగే కండర తాడు ఒరుసుకుని వాచడం. పట్టీ కట్టి, ఎత్తే పద్ధతి మార్చుకుంటే చాలామందికి తగ్గుతుంది. వాపు లేకుండా ఒళ్లంతా లాగితే రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి చూడాలి. జ్వరం తగిలి కీళ్లు పట్టేస్తే చికున్‌గన్యా కావచ్చు. కీళ్లవాతం వేషమే వేరు. రెండు చేతుల్లోనూ వేళ్ల మొదలు కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు, పాదాల ముందు భాగం వాస్తాయి. గోటి దగ్గరి కణుపును సాధారణంగా వదిలేస్తుంది. పొద్దున లేవగానే వేళ్లు కర్రల్లా బిగుసుకుని, సడలడానికి అరగంట, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పనిచేస్తే పెరిగే నొప్పి కాదిది, కదలకుండా ఉంటే పెరిగేది. ఆరు వారాలు దాటినా ఇలాగే ఉంటే ఇక ఆగకూడదు. కీలు ఎముక అరిగిపోవడం మొదటి రెండేళ్లలోనే మొదలు కావచ్చు. అరిగింది తిరిగి రాదు.

పరీక్షల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్ రాగానే "నీకేం లేదు" అని పంపేస్తారు. జబ్బున్న ఐదుగురిలో కనీసం ఒకరికి అది నెగెటివే వస్తుంది. దానితో పాటు యాంటీ సీసీపీ (కీళ్లవాతాన్ని పట్టే ఇంకో రక్తపరీక్ష), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపేది), రక్తకణాల లెక్క, లివర్, క్రియాటినిన్ (కిడ్నీలకు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు) చేయించాలి. ఈఎస్‌ఆర్ అనే వాపు పరీక్ష ఒక్కదాన్నే పట్టుకోవద్దు. కాన్పయిన కొన్ని వారాల దాకా, రక్తం తక్కువున్నా అది ఎక్కువే చూపిస్తుంది. ఏఎస్‌ఓ (గొంతు ఇన్ఫెక్షన్ జాడ చూసేది), యూరిక్ యాసిడ్ అని రాసి డబ్బులు పెట్టించడం ఈ వయసు ఆడవాళ్ల విషయంలో దాదాపు దండగ.

మందుల గదిలోకి వెళ్లగానే తల్లి చెప్పాల్సిన మొదటి మాట "పాలిస్తున్నాను" అని. ఆమె చెప్పకపోవడం తప్పే, చెబితే "పాలు మాన్పించెయ్" అనడమూ తప్పే. పాలిస్తూనే వాడదగ్గ మందులున్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 45 కిలోల మనిషికి 225, కాబట్టి 200 గోలీ ఒకటి. తూకం చూడకుండా రోజూ 400 రాస్తే అడగండి. కళ్ల పరీక్ష మొదట్లో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా. సల్ఫాసలజైన్‌ను 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం పెంచుతారు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, కామెర్లున్న బిడ్డ, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపమున్న బిడ్డ పాలు తాగుతుంటే మాత్రం ఇది వద్దు. నొప్పికి ఐబుప్రోఫెన్, అదీ అన్నం తిన్నాకే. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ గోలీ తక్కువ డోసు అయితే పాలకు అడ్డం కాదు. రోజుకు 20 మిల్లీగ్రాములు దాటితే గోలీ వేసుకున్నాక నాలుగు గంటలు ఆగి పాలివ్వాలి.

మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకు మంచి మందే, పాలిచ్చేటప్పుడు కాదు. పాలు మాన్పించాక మొదలుపెడితే ఒక్క విషయం గోడ మీద రాసుకోవాలి: అది వారానికి ఒక్కరోజు మందు. చీటీలో "సోమవారం మాత్రమే" అని తెలుగులో రాయించుకోండి. మిగతా గోలీల్లా రోజూ మింగి, నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఇంకో రోజున. మెథోట్రెక్సేట్ వాడినన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి. మళ్లీ బిడ్డ కావాలంటే ఒకటి నుంచి మూడు నెలల ముందే డాక్టరుతో మాట్లాడి ఆపాలి. లెఫ్లునోమైడ్, టోఫాసిటినిబ్ అనే మందులు కూడా పాలిచ్చే తల్లికి పనికిరావు. ఈ జబ్బు మందులు పట్టడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. రెండు వారాలకే "గుణం లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ.

ఆ ఖాళీలోకే ఆర్‌ఎంపీ సూది వస్తుంది. పొడిచిన సాయంత్రానికే పిడికిలి బిగించడం వస్తుంది, అందుకే నమ్మకం. అది చాలాసార్లు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. పేరు లేని పొట్లాల చూర్ణంలో కలిసేదీ తరచూ అదే. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్, బీపీ వస్తాయి, ఎముక గుల్లబారుతుంది. కీలు లోపల అరుగుతూనే ఉంటుంది. అయితే మూడు వారాలు దాటి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. ఖాళీ సీసా, పొట్లం వెంట తీసుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీకో, హైదరాబాద్ నిమ్స్‌లోని రుమటాలజీ విభాగానికో వెళ్లండి.

ఇక ఇంటి పని. బిడ్డను చంకల కింద బొటనవేళ్లు చాచి ఎత్తొద్దు. ఒక ముంజేయి పిర్రల కిందికి, ఇంకోటి వీపు వెనక్కి పోనిచ్చి ఒంటికి ఆనించుకుని లేపాలి. పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండ్లు పేర్చి, బరువు దిండు మీద, తల మోచేతి మడతలో ఉంచాలి. మణికట్టు వంగకూడదు. రాత్రి పక్కకు పడుకుని ఇస్తే ఇంకా నయం. బిడ్డ లేచేలోపు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులుంచి పదిసార్లు మూసి తెరవాలి. తడి గుడ్డలను మెలిపెట్టి పిండొద్దు, నల్లాకు చుట్టి రెండు కొసలు లాగాలి. పిల్లల అంగీలకు గుండీల బదులు ముడులుంటే మేలు. జొన్న రొట్టె కొట్టడం, నిండు బిందె మోయడం వాపు తగ్గేదాకా ఇంకొకరు చేయాల్సిందే. వాచి వేడిగా ఉన్న కీలును నూనె పెట్టి పిసికితే పెరుగుతుంది తప్ప తగ్గదు. వంకాయ మానేస్తే తగ్గుతుందనే మాటకు ఆధారం లేదు. బాలింతకు పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పిస్తే రక్తం ఇంకా తగ్గుతుంది.

అధికారులను అడిగేది చిన్నదే. బీపీ, షుగర్ పరీక్షల కార్యక్రమం ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు. ఇరవై మూడేళ్ల తల్లి దాని లెక్కలోకే రాదు. కానీ ఆమె పద్నాలుగు వారాల టీకాకు వస్తుంది, తొమ్మిదో నెలలో మీజిల్స్ రూబెల్లాకు వస్తుంది. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఆశ కార్యకర్త ఆమె గడప తొక్కుతుంది. అప్పుడు మూడు ప్రశ్నలు: పొద్దున వేళ్లు సడలడానికి అరగంట దాటుతోందా? మూడు గానీ అంతకు మించి గానీ కీళ్లు వాచాయా? వేళ్ల మొదలు కణుపులను అడ్డంగా మెల్లగా నొక్కితే నొస్తోందా? ఏ ఒక్కదానికి అవునన్నా, బిడ్డ కార్డు వెనకే తేదీ వేసి, ఏ కీళ్లో రాసి, మెడికల్ ఆఫీసర్ దగ్గరకు అదే రోజు పంపించాలి.

– తల్లులకు కీళ్ల వైద్యంలో తోడుండే కొందరు నర్సులు, ఫిజియోథెరపిస్టులు, హనుమకొండ