వార్షిక నివేదిక: తాడోబా అడవి యాత్ర, ఇతర కార్యక్రమాలు

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఉగాది వేడుక, రక్తదాన శిబిరం, పిల్లల చిత్రలేఖన పోటీ, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే సజావుగా జరిగాయి. వాటి జమాఖర్చులు ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డు మీద ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. వానాకాలంలో కారిన సంఘం హాలు పైకప్పుకు మరమ్మతు పూర్తయింది. గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చాయి, చదివేవాళ్లు రావాలి.

మిగిలిన చోటంతా మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి చేసిన యాత్రకే కేటాయిస్తున్నాం. యాత్ర నుంచి వచ్చాక కొందరు సభ్యులు కార్యవర్గానికి ఒక ఉత్తరం రాశారు. పులి కనిపించని సఫారీ బండ్లలో కూర్చున్నవారికి సగం డబ్బు తిరిగి ఇవ్వాలన్నది దాని సారాంశం. దానికి జవాబు కూడా ఈ నివేదికలోనే ఉంది.

తాడోబాను ఎంచుకోవడానికి మొదటి కారణం రైలు. కాజీపేట మీదుగా ఉత్తరాదికి వెళ్లే లైనులో బల్లార్షా, చంద్రాపూర్ స్టేషన్లు వస్తాయి. చంద్రాపూర్‌లో దిగితే అడవిలోకి ప్రవేశించే మొహర్లీ గేటు ముప్పై కిలోమీటర్ల దూరం. వయసు మళ్లిన సభ్యులకు ఇంతకంటే సులువైన పులుల అడవి మరొకటి దొరకదు. బల్లార్షా ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే అతను తెలుగులోనే పలకరించేసరికి మహారాష్ట్రలోకి వచ్చామంటే కొందరు నమ్మలేదు.

తాడోబా 1955లో జాతీయ ఉద్యానవనమైంది. మహారాష్ట్రలో ఇదే మొదటిది. దాన్ని ఆనుకుని అంధారీ నది పేరు మీద 1986లో అభయారణ్యం ఏర్పడింది. 1995లో రెండూ కలిసి పులుల సంరక్షణ కేంద్రమయ్యాయి. గట్టి రక్షణలో ఉంచే నడిమి అడవి, అంటే కోర్ ప్రాంతమే 625 చదరపు కిలోమీటర్లు. టేకు, వెదురు, మద్ది, ఇప్ప, తునికి చెట్లతో మన ఆదిలాబాద్ అడవిలాగే ఉంటుంది. తాడోబా అన్నది గోండులు కొలిచే తారు దేవుడి పేరు. ఆయన ఒక గ్రామ పెద్ద అనీ, పులితో పోరాడి ప్రాణం విడిచాడనీ చెప్పుకుంటారు. చెరువు ఒడ్డున చెట్టు కింద ఆయన గుడి ఉంది. ఆయనను చంపిన పులి మీద పగ పెంచుకోకుండా, చనిపోయిన మనిషిని దేవుణ్ణి చేసుకుని అదే అడవిలో పులితో కలిసి బతికిన ఈ ఆచారం గురించి తిరుగు ప్రయాణంలో చాలాసేపు మాట్లాడుకున్నాం.

ప్రయాణానికి ముందు ఎక్కువ తలనొప్పి తెచ్చింది కాగితాల పనే. సఫారీ టికెట్టు ఎవరి పేరున తీసుకుంటే వారే వెళ్లాలి, గేటు దగ్గర అదే గుర్తింపు కార్డు చూపాలి. చివరి నిమిషంలో బావమరిదిని పంపుతానంటే కుదరదు. మంగళవారం కోర్ ప్రాంతానికి సెలవు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలకు మూసేస్తారు. కోర్‌లోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. ఈ నిబంధన మీద బస్సులో పెద్ద గొడవే జరిగింది. మొదటి సఫారీ అయ్యాక ఆ మాట ఎత్తినవారు లేరు. పిల్లలు తలలెత్తి చెట్ల వైపు చూడటం చాలాకాలం తరువాత చూశామని ఒక తల్లి అన్నారు.

మార్చి చివర వెళ్లాం కాబట్టి టేకు ఆకు రాలిపోయి అడవి లోపలి దాకా కనిపించింది. నీళ్లు తగ్గి జంతువులు కుంటల దగ్గరికి చేరే కాలం అది. మా బండి గైడు మొహర్లీకి చెందిన మహిళ. దుమ్ములో పడిన అడుగును చూపి, మగపులి పాదం నలుచదరంగా పడుతుందనీ, ఆడపులిది కొంచెం పొడవుగా ఉంటుందనీ చెప్పారు. కాసేపటికి ఒక కణుజు (సాంబర్ జింక) తోక నిక్కబొడుచుకుని, ముందుకాలితో నేలను తంతూ, ఒకే దిక్కుకు చూస్తూ గట్టిగా అరిచింది. కొండముచ్చు, దుప్పి తేలిగ్గా భయపడి అరుస్తాయట. కణుజు మాత్రం కళ్లారా చూస్తేనో, వాసన గట్టిగా తగిలితేనో తప్ప నోరు తెరవదట. బండి ఆపి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పులి మాత్రం వెదురు పొదలోంచి బయటికి రాలేదు.

అదే సమయంలో వెనుక బండివారికి రేసుకుక్కల గుంపు కనిపించింది. ఎర్రటి ఒంటి రంగు, నల్లటి కుచ్చు తోక, ఈలలాంటి పిలుపు. అవి దుప్పి పిల్లను నేలకూల్చి నిమిషాల్లో పంచుకు తిన్నాయి. ఆశ్చర్యమేమిటంటే, కూనలను ముందు తిననిచ్చి పెద్దవి చుట్టూ కాపలా కాశాయి. పులితో పాటు అంతరించే ప్రమాదమున్న జంతువుల జాబితాలో ఇవీ ఉన్నాయి. ఉత్తరం రాసినవారిలో ఒకరు ఆ బండిలోనే ఉన్నారని మనవి.

మూడో బండికి ఆడపులి ఎదురైంది. కుంటలో వెనుకభాగం ముంచి కూర్చుని, లేచి, దారి దాటి వెళ్లింది. చెవుల వెనుక తెల్లమచ్చలు కూడా స్పష్టంగా కనిపించాయట. వాళ్ల అదృష్టాన్ని మెచ్చుకుంటూనే ఒక సంగతి రాయాలి. క్షణాల్లో నాలుగు వైపుల నుంచి బండ్లు వచ్చి పులి దారికి అడ్డంగా నిలిచాయి. డ్రైవరును ముందుకు పోనివ్వమని తొందరపెట్టినవారిలో మనవాళ్లూ ఉన్నారు. పులిని చూపిస్తే ఎక్కువ ఇస్తామని గైడుకు ఆశ పెట్టడం ఇకమీదట మన సంఘం యాత్రల్లో ఉండదని కార్యవర్గం తీర్మానించింది. ఈ రద్దీకి మూలం ఆ ఆశే.

ఇక ఉత్తరానికి జవాబు. మనం కొన్నది అడవిలోకి వెళ్లే అనుమతి. పులి దర్శనానికి టికెట్టు ఎవరూ అమ్మరు, సంఘం కూడా అమ్మలేదు. 2006 లెక్కల్లో దేశంలో 1,411 పులులున్నాయి, 2022 అంచనా 3,682కు చేరింది. మనుషులు ఊళ్లు వదిలి చోటిచ్చినందువల్ల కూడా ఇంత పెరుగుదల వచ్చింది. తాడోబా కోర్‌లోని జామ్నీ, నవేగావ్ వంటి గ్రామాలు తరలిపోయాయి. ఒకప్పుడు జామ్నీ ఊరున్న చోట ఇప్పుడు గడ్డి మైదానంలో దుప్పులు మేస్తున్నాయి. అడవి అంచు ఊళ్లలో ఇప్ప పువ్వు ఏరడానికి, తునికాకు కోయడానికి తెల్లవారుజామున వెళ్లేవారికి పులి కనిపించకపోవడమే అదృష్టం. ఏటా కొందరు తిరిగి రావడం లేదు. ఇవన్నీ తెలిసి కూడా డబ్బు వాపసు కావాలనుకుంటే, సర్వసభ్య సమావేశంలో లేచి అడగవచ్చు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం తెలంగాణలోని కవ్వాల్ అడవిని ప్రతిపాదిస్తోంది. 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఈ అడవికి పులులు చాలా వరకు తాడోబా వైపు నుంచే, కాగజ్‌నగర్ మీదుగా రావాలి. దారిలో బొగ్గు గనులు, రోడ్లు, మనం ఎక్కి వెళ్లిన రైలు కట్ట ఉన్నాయి. తాడోబాలో నిండిపోయిన పులులకు మన వైపు చోటు ఉందో లేదో చూడాలంటే కవ్వాల్ అడవిలోని జన్నారం వెళ్లాలి. అక్కడ పులి కనిపించడం బాగా అరుదని ముందే రాతపూర్వకంగా తెలియజేస్తున్నాం.

రాదలచినవారు సర్వసభ్య సమావేశం నాటికి పేరు, గుర్తింపు కార్డు నకలు కార్యదర్శికి అందజేయాలి. పులి హామీ కోరుతూ షరతులు రాసిన దరఖాస్తులు తీసుకోబడవు.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
కార్యదర్శి