హేవలాక్ వంతెన మీద మమ్మల్ని ఎప్పుడు నడవనిస్తారు?

గౌరవనీయులైన మంత్రి గారికి,

కొవ్వూరు నుంచి నమస్కారాలు. రాజమండ్రికీ మా ఊరికీ మధ్య గోదారి మీదున్న పాత రైలు వంతెన, అదే హేవలాక్ వంతెన గురించి మేమిచ్చిన అర్జీలు మీ దాకా వచ్చాయో, దారిలో ఏ బీరువాలో ఆగిపోయాయో తెలియదు. ప్రతిదానికీ రసీదు ఇచ్చారు, ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

1997లో ఆ వంతెన మీద రైళ్లు ఆపేశారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుడుతున్నారు. ఈలోగా ఎన్ని మాటలు విన్నామండీ! నడకదారి అన్నారు, తోటలన్నారు, హోటళ్లన్నారు, రంగుల దీపాలన్నారు. ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త బొమ్మ గీసి చూపించారు. 2025 జూన్‌లో రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర, ఈ వంతెనను కూడా కలిపిన అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసి, 94 కోట్ల పైచిలుకు ఖర్చు పెడతామంటే నిజంగా సంబరపడ్డాం. ఇప్పుడడిగేది కూడా ఆ నమ్మకం పోక ముందే అడుగుతున్నాం.

మా తరం వాళ్లం పాసింజరు బండిలో ఆ వంతెన దాటుతూ, కిటికీలోంచి గోదారిలో పైసలు వేసి దండం పెట్టుకున్నవాళ్లం. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, పరీక్ష రాయాలన్నా, పెళ్లి చూపులకు వెళ్తున్నా మా మొక్కు అక్కడే. మోకాళ్లు పనిచేస్తుండగా ఒక్కసారి ఆ గడ్డర్ల మధ్య నడిచి, నది మధ్యలో నిలబడాలని ఎంతమంది ఆశపడ్డారో. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. మిగిలినవాళ్లను ఇంకెంత కాలం ఆగమంటారు? ఇంటికొచ్చిన చుట్టాలకు ఒడ్డున నిలబడి వేలు పెట్టి చూపించడమే కానీ, 1900 నాటి 56 స్పాన్ల (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాల) వంతెన మీద పది అడుగులు వేయించలేకపోతున్నాం.

ఇంకో బాధ కూడా ఉంది. వంతెనకు ఆ చివర రాజమండ్రి ఉంటే ఈ చివర కొవ్వూరు ఉంది. మాకు వినబడేదంతా ఆ ఒడ్డు మాటే. పట్టిసీమ వెళ్లే కార్లు మా ఊరి మీదుగానే పోతాయి, ఆగవు. ఆగేందుకు మేం చూపించగలిగింది గోదారి ఒడ్డునున్న గోష్పాద క్షేత్రం ఒక్కటే. వంతెన ఈ వైపు నుంచి కూడా తెరిస్తే చెరుకురసం బండి వాడికి, ఆటో వాడికి, పూలమ్ముకునే ఆవిడకి నాలుగు రూపాయలు వస్తాయి. 2027లో పుష్కరాలు. 2015 జూలై 14 ఉదయం జనమంతా ఒకే ఘాట్‌కు చేరితే తొక్కిసలాటలో ఎంతమంది ప్రాణాలు పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. గోష్పాదంలో పారేదీ ఆ గోదారే కదా, ఇక్కడి రేవుల మీద కూడా దృష్టి పెట్టండి.

అద్దాల వంతెనలు, హోటళ్లు తరవాత చూసుకోవచ్చు. ముందు స్తంభాలు, ఇనుము ఎంత గట్టిగా ఉన్నాయో పరీక్ష చేయించి ఆ ఫలితం జనానికి చెప్పండి. రెండు చివర్లా కొన్ని స్పాన్లకు నేల పరిచి, పిల్లలు జారిపోకుండా కంచె కట్టి, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, తాగునీళ్లు పెట్టి తెరవండి. దయచేసి మరుగుదొడ్లు మరిచిపోకండి, ఘాట్ల దగ్గర మా ఆడవాళ్లు పడే అవస్థ చాలు.

ఏ నెలలో, ఏ చివర, ఎన్ని స్పాన్లు తెరుస్తారో ఒక కాగితం మీద రాయించి రెండు ఊళ్ల మునిసిపల్ ఆఫీసుల గోడలకు అంటించండి. మా అర్జీలన్నిటికీ జవాబు వచ్చిందనుకుంటాం.

ఇట్లు,
కొవ్వూరు గోదారి గట్టు వాసి