ఫొటోలు చూసి కంపెనీని మెచ్చుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతంలో ఏ కంపెనీ అయినా ఊరికి మంచినీటి ప్లాంటు పెట్టించినా, బడికి బల్లలు ఇచ్చినా ఆ ఫొటోలు పత్రికల్లో తప్పక వస్తున్నాయి. ఆ సాయాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి రూ.5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేసి తీరాలి. చట్టం చేయించే పనిని దానంగా ఎలా పొగడగలం? మిగతా 98 శాతం ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న.

మా వైపు ఒక ఫ్యాక్టరీ పక్క చేలలో శనగ ఆకును వేలితో తుడిస్తే బూడిదరంగు దుమ్ము అంటుకుంటుంది. కాంట్రాక్టు కార్మికుల జీతంలో కోసిన పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. అయిందో లేదో వాళ్ల పాస్‌బుక్కే చెబుతుంది. వార్షిక నివేదికలోని రంగుల పేజీలకన్నా ఆ పాస్‌బుక్కునే నేను నమ్ముతాను.

పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమలు, షరతులు ఎంతవరకు పాటించాయో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. అవి ప్రజలు చూడదగిన పత్రాలే. కనుక ప్రారంభోత్సవ వార్తతోపాటు ఆ నివేదికలోని దుమ్ము, నీటి లెక్కలను కూడా మీ జిల్లా పేజీలో ప్రచురించాలని, వాటి తెలుగు ప్రతులను పంచాయతీ కార్యాలయాల్లో ఉంచేలా కలెక్టర్ గారు ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక రైతు, ఎర్రగుంట్ల, కడప జిల్లా